చిన్నపిల్లల బడి పెరట్లో ఏది మేలు: ఇసుకా, మట్టా, రబ్బరు మ్యాటా?

మూడు నుంచి ఆరేళ్ల పిల్లలుండే అంగన్‌వాడీలోనో ప్లేస్కూలులోనో ఆరుబయట ఒక్క ఏర్పాటుకే డబ్బుంటే ఇసుక గుంత పెట్టండి. ఆ తర్వాతే మట్టి మడి. రబ్బరు మ్యాట్లు, ప్లాస్టిక్ జారుడుబండ ఆఖరున.

మ్యాట్లు ఊడ్చుకోవడం తేలిక, పడినా దెబ్బ తక్కువ. కానీ నీడ లేకపోతే వేసవిలో పది గంటలకే అరికాళ్లు కాలతాయి. జారుడుబండ మీద జారడం తప్ప చేసేదేమీ ఉండదు. అదే ఇసుకలో పిచ్చుకగూళ్లు కడతారు, కాలవలు తవ్వుతారు, కొబ్బరిచిప్పలతో కొలుస్తారు, ఎన్ని నీళ్లు పోస్తే గట్టు తెగుతుందో పోసి చూస్తారు.

గుంత ఎనిమిదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, అడుగున్నర లోతు ఉండాలి. అడుగున ఆరంగుళాల కంకర, దానిమీద రెండు మడతల షేడ్‌నెట్, ఆపైన అడుగు మందాన ఇసుక. అంటే సుమారు అర యూనిట్ (యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు). షేడ్‌నెట్ మానేస్తే ఇసుక కంకరలోకి దిగిపోయి నీరు నిలుస్తుంది, పిల్లలు తవ్వినప్పుడల్లా రాళ్లు పైకొస్తాయి. నల్లరేగడి నేలలో అసలు తవ్వొద్దు. నీరింకక గుంత కాస్తా కుంటవుతుంది. నేలమీదే ఇటుకల గట్టు కట్టి, కింది వరసలో నీరు పోయే సందులు వదిలి నింపండి. ఏటి ఇసుకే తెచ్చి జల్లించండి. రాళ్లు పిండిచేసి తీసే రోబో శాండ్ గరుకు, చర్మం గీసుకుంటుంది; ఎండితే రాతిధూళి ముక్కుల్లోకి పోతుంది. రోజూ పొద్దున్నే నీళ్లు చల్లాలి. పొడి ఇసుకతో గూడు నిలవదు సరికదా, కళ్లలో పడుతుంది.

ఇసుక పాడయ్యేది ఎక్కువగా పిల్లులు, కుక్కల వల్లే. వాటి మలంలోని టాక్సోకారా పురుగు గుడ్లు నెలల తరబడి బతికుంటాయి. టార్పాలిన్ కప్పితే తేమ పట్టి వాసనేస్తుంది. చట్రానికి బిగించిన వల మేలు. వారానికోసారి పారతో అడుగుదాకా తిరగేసి ఎండనివ్వండి. ఒక్కసారిగా ఎనిమిదిమందికి మించి దింపితే ఆట పోయి కొట్లాట మిగులుతుంది.

మట్టి మడికి ఖర్చు దాదాపు లేదు. జల్లించిన ఎర్రమట్టి, బిందెడు నీళ్లు చాలు. బొమ్మలు, పొయ్యి, గుజ్జనగూళ్లకు గిన్నెలు మట్టితోనే కుదురుతాయి, ఇసుకతో కావు. చిక్కల్లా మనుషుల మలంతో చెడిన మట్టిలో ఉండే కొంకిపురుగులు. వాటి పిల్లలు అరికాలి చర్మంలోంచే ఒంట్లోకి దూరతాయి. అందుకే ప్రహరీ లేనిచోట మట్టి మడి వద్దు. ప్రహరీ ఉన్నా ఆటయ్యాక చేతులతోపాటు కాళ్లూ సబ్బుతో కడిగించాలి. బకెట్లు బోర్లించి వెళ్లాలి. నాలుగు వేళ్ల లోతు నీళ్లలోనూ చిన్నపిల్లలు మునిగిపోగలరు.

దేన్ని ఎంచుకున్నా నీడ తప్పదు. చెట్టు ఎదిగేదాకా పందిరి వేయండి. పెరట్లో పచ్చగన్నేరు, ఉమ్మెత్త, ఆముదం ఉంటే పిల్లల్ని దింపకముందే పీకించండి. పచ్చగన్నేరు గింజ ఒక్కటి నమిలినా పసివాళ్ల ప్రాణం మీదికొస్తుంది.