అతికించిన ఎలక్ట్రోడ్లా, లోపల అమర్చినవా?

2016 అక్టోబరులో జ్యూరిక్‌లో తొలి సైబథ్లాన్, అంటే సహాయక సాంకేతిక పరికరాలతో వికలాంగులు పోటీపడే పోటీ, జరిగింది. అక్కడి సైకిల్ పందెంలో వెన్నుపాము దెబ్బతిని కాళ్లు చచ్చుబడినవారు, విద్యుత్ ప్రేరణతో తమ కండరాలతోనే పెడళ్లు తొక్కారు. చాలామందివి చర్మంపై అతికించిన ఎలక్ట్రోడ్లు, అంటే కరెంటును అందించే సాధనాలు. గెలిచింది మాత్రం వాటిని శరీరం లోపల అమర్చుకున్న పోటీదారు, అమెరికాలోని క్లీవ్‌లాండ్ జట్టు సభ్యుడు.

కారణం ఊహించవచ్చు. లోపలి ఎలక్ట్రోడ్ నరం పక్కనే ఉంటుంది కాబట్టి తక్కువ కరెంటు చాలు, కండరం రోజూ ఒకేలా స్పందిస్తుంది. పైన అతికించేవాటి కరెంటు చర్మాన్నీ కొవ్వునూ దాటాలి. తొడల ముందూ వెనకా, పిరుదుల మీదా రోజూ అతికించుకోవాలి; చోటు కాస్త మారినా తొక్కుడు బలం మారుతుంది. స్పర్శ లేనిచోట చర్మం కాలినా తెలియదు. తీశాక కళ్లతో చూసుకోవాల్సిందే, ఇది మరవకండి.

అయినా ఇంట్లో వ్యాయామానికి నేను అతికించేవాటినే ఎంచుకోమంటాను. శస్త్రచికిత్స, ఇన్‌ఫెక్షన్ భయం, తీగ తెగితే మళ్లీ ఆపరేషన్ అన్నవి చిన్న మూల్యం కాదు. అతికించేవి సరిపడకపోతే తీసేస్తే చాలు.

కండరానికి వెళ్లే నరమే దెబ్బతింటే రెండూ పనిచేయవు. గాయం వెన్నుపాము ఛాతీ భాగపు ఆరో స్థాయిలో గానీ ఆపైన గానీ ఉంటే రక్తపోటు హఠాత్తుగా పెరగవచ్చు. ఏ పద్ధతైనా మొదట డాక్టరు సమక్షంలోనే తొక్కాలి.