రాజమహేంద్రవరంలో రెండు రోజుల పైలట్ పరిచయ తరగతి: పాఠం బాగుంది, జనరేటర్ బాగోలేదు

మా మేనల్లుడు ఇంటర్ పూర్తిచేసి పైలట్ అవుతానని పట్టుబట్టడంతో, లక్షలు పోసి శిక్షణలో చేర్చేముందు ఆ పని ఎలాంటిదో వాడికి తెలియాలని, సంక్రాంతికి ముందు రాజమహేంద్రవరంలో ఒక చిన్న కేంద్రం నిర్వహించే పరిచయ తరగతికి తీసుకువెళ్లాను. రుసుము మనిషికి 6,500 రూపాయలు. బయట కూర్చుని ఎదురుచూడటం దండగనిపించి నేను కూడా కట్టి లోపల కూర్చున్నాను. భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చూసుకునే నాకు విమానాలతో సంబంధం లేదు. అయితే తెల్లవారుజామున సిద్ధాంతం వంతెన మీద ముందు లారీ వెనక దీపాలు కూడా కనిపించని మంచులో కారు నడిపి వెళ్లినవాడికి, మొదటి రోజు పాఠం ‘చలికాలంలో చిన్న విమానాల ప్రమాదాలు’ అయినప్పుడు నిద్ర వచ్చే అవకాశం లేదు.

బోధకుడు పాఠాన్ని జరిగిన ప్రమాదాలతో మొదలుపెట్టారు. 1959 ఫిబ్రవరి 3న అమెరికాలోని క్లియర్ లేక్ దగ్గర, గాయకుడు బడ్డీ హాలీతో బయలుదేరిన బీచ్‌క్రాఫ్ట్ బొనాంజా కొద్ది నిమిషాల్లోనే పొలంలో కూలి నలుగురూ చనిపోయారు. 21 ఏళ్ల ఆ పైలట్‌కు కేవలం పరికరాలను చూసి నడిపే అర్హత లేదు, వాతావరణ హెచ్చరికలూ అతనికి సరిగా అందలేదు. 2019 జనవరి 21 రాత్రి ఇంగ్లిష్ చానల్‌లో పడిపోయిన పైపర్ మాలిబు పైలట్‌కు రాత్రిపూట నడిపే అర్హత లేదు. అందులో ప్రయాణించిన ఫుట్‌బాల్ ఆటగాడు ఎమిలియానో సాలా రక్తంలో, కార్బన్ మోనాక్సైడ్ కలిస్తే ఏర్పడే కార్బాక్సీహిమోగ్లోబిన్ 58 శాతం ఉన్నట్టు తేలింది, అంటే ఇంజను పొగలోని ఆ విషవాయువు క్యాబిన్‌లోకి చేరింది. ఈ రెండు ఉదంతాలనూ ఆయన ఎక్కడా నాటకీయత లేకుండా, ఏ తనిఖీ ఎక్కడ తప్పిందో చూపిస్తూ చెప్పారు.

నాకు కలిగిన అసంతృప్తి ఆ తరవాతిది. తెరమీద చూపిన బొమ్మల్లో ఉన్నదంతా గడ్డకట్టిన మంచే. మనం మాత్రం పొగమంచునూ మంచనే అంటాం, వరి ఆకు మీది తడినీ మంచనే అంటాం. మా వాడు లేచి, “మన దగ్గర రెక్కలమీద గడ్డకట్టదు కదండీ, మరి ఇది మాకెందుకు?” అని అడిగాడు. కోనసీమకు చెందిన లోక్‌సభ స్పీకర్ బాలయోగి 2002 మార్చి 3న భీమవరం నుంచి హెలికాప్టర్‌లో బయలుదేరి కైకలూరు దగ్గర చేపల చెరువులో కూలి చనిపోయిన సంగతి, ఆ ఉదయం చూపు సరిగా ఆనలేదని అప్పట్లో చెప్పుకున్న సంగతి ఈ ప్రాంతంలో తెలియనివారు తక్కువ. మన దగ్గర చూపు ఆనకపోవడమూ ప్రమాదమేనని చెప్పడానికి ఆ ఒక్క ఉదాహరణైనా ఇవ్వకపోవడం లోటే.

అయితే మా వాడి ప్రశ్నకు వచ్చిన జవాబు మాత్రం నేను కట్టిన డబ్బుకు సరిపోయింది. చిన్న పెట్రోలు ఇంజనులో గాలినీ పెట్రోలునూ కలిపే కార్బ్యురేటర్ గొంతులో గాలి వేగం పుంజుకుని, ఇంధనం ఆవిరవుతూ వేడిని లాగేసుకోవడం వల్ల, అక్కడ ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు పైగా పడిపోవచ్చట. కాబట్టి 18 డిగ్రీలున్న తడి ఉదయాన, బయట ఎక్కడా గడ్డ కనిపించకపోయినా, ఇంజను గొంతులో గడ్డకట్టగలదు. మొదట ఇంజను చుట్లు మెల్లగా తగ్గుతాయి. ఆ గొంతులోకి వేడిగాలి పంపే మీట లాగితే కరిగిన నీరు లోపలికి వెళ్లి ఇంజను ఇంకా కొట్టుకుంటుంది, అప్పుడు కంగారుపడి మీటను వెనక్కి తోసినవాడికే ప్రమాదం. విమానం నడిపినట్టే అనిపించే సిమ్యులేటర్ యంత్రంలో మా వాడు సరిగ్గా అదే చేశాడు. “మావయ్యా, ఆగిపోయింది!” అన్నాడు. బోధకుడు నవ్వి మళ్లీ మొదలుపెట్టించారు. రెండోసారి మీట లాగి పట్టుకుని, ఇంజను తేరుకునేలోపు కరెంటు పోయింది. జనరేటర్ కూడా లేవలేదు. నేను కిందకు వెళ్లి చూస్తే ట్యాంకు అడుగున పుల్ల ముంచితే తడి కూడా అంటలేదు. ప్రయాణానికి ముందు ఇంధనం కంటితో చూసుకోవాలని పొద్దున్నే చెప్పిన చోట ఇది జరిగింది.

రెండో రోజు తనిఖీ పాఠం మంచిదే కాని చాలావరకు బొమ్మలతోనే సాగింది, నిజమైన విమానం చుట్టూ తిరిగి చూసే అవకాశం లేదు. ఒక్క ప్రదర్శన గుర్తుండిపోతుంది. గాజు గొట్టంలో నీలం రంగు విమాన పెట్రోలు పోసి సిరంజితో నీళ్లు వేశారు. చలిరాత్రి సగం నిండిన ట్యాంకు గోడలకు పట్టిన తేమ ఇలాగే అడుగున చేరుతుందట. మా చెరువు జనరేటర్ ఫిల్టర్ కింది గిన్నెలోంచి నీళ్లు దించడం నాకు రోజూ ఉన్న పనే కాబట్టి ఇది కొత్తగా అనిపించలేదు. కాని ట్యాంకు అడుగునుంచి పట్టిన గొట్టం నిండా నీళ్లే ఉంటే నీటికీ ఇంధనానికీ మధ్య గీత కనిపించక, అంతా శుభ్రమైన ఇంధనమే అనుకునే ప్రమాదం ఉందని, అందుకే రంగు చూడాలని ఆయన చెప్పింది నేనెరగనిది. ఎదురుగాలి ఒత్తిడిని బట్టి విమాన వేగం కొలవడానికి వాడే పీటో గొట్టంలో కందిరీగ మట్టిగూడు కడితే వేగం తప్పుగా చూపిస్తుందనీ చెప్పారు.

రెండు పూటలా భోజనం బాగుంది. కమర్షియల్ లైసెన్స్‌కు 200 గంటల ప్రయాణ అనుభవం కావాలన్న లెక్క, దాని ఖర్చు మాత్రం దాపరికం లేకుండా చెప్పారు, అందుకు మెచ్చుకోవాలి. నేను అయిదుకు మూడున్నర ఇస్తాను. మా వాడు పట్టు వదల్లేదు. కరెంటు పోయి మిగిలిన అరగంటకు మరో ఆదివారం రమ్మన్నారు. వెళ్తాం, కాకపోతే బయలుదేరేముందు ఫోన్ చేసి డీజిల్ పోయించారో లేదో అడుగుతాను.