బాల్ పైథాన్ గుడ్లు: తల్లి చుట్టలోనా, పెట్టెలోనా? గోదావరి ఎండల్లో ఏది మేలు

పెంపుడు పాముల గుడ్లు పొదిగించడం గురించి దొరికే సలహాల్లో ఎక్కువ భాగం చలిదేశాల నుంచి వచ్చినవే. పెట్టెను ఎలా వెచ్చబరచాలి, ఆ వెచ్చదనాన్ని ఎలా నిలపాలి అన్నదే వాళ్ల బెంగ. అమలాపురంలోనో భీమవరంలోనో మే నెల మధ్యాహ్నం డాబా ఇంటి గది దానంతటదే 35 డిగ్రీలు దాటుతుంటే ఆ సలహాలు ఏ మూలకు? బాల్ పైథాన్ అనే చిన్న రకం కొండచిలువ గుడ్డుకు కావలసింది 31 నుంచి 32 డిగ్రీలు. 35 దాటి గంటల తరబడి నిలిచిందంటే పిండం చనిపోవచ్చు, బతికినా వెన్ను వంకరతో పుట్టవచ్చు. అదే ఒక పూట 27కి పడిపోతే పిల్ల బయటికి రావడం కాస్త ఆలస్యమవుతుంది, అంతకు మించి నష్టం ఉండదు. కాబట్టి ఏ పద్ధతినైనా నేను ఒకే ప్రశ్నతో తూస్తాను: కరెంటు పోయిన ఎండపూట అది గుడ్డును ఎంతసేపు కాపాడగలదు?

అంతకు ముందు చట్టం సంగతి. గడ్డివాములో జెర్రిపోతు గుడ్లు కనిపించాయనో, పుట్టలో నాగుపాము గుడ్లు పెట్టిందనో వాటిని ఇంటికి తెచ్చి పొదిగించాలన్న ఆలోచన వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. అటవీ శాఖకు కబురు చేయాలి. బాల్ పైథాన్ మన దేశపు పాము కాదు, పశ్చిమ ఆఫ్రికాది. అయినా 2022 సవరణతో అలాంటి విదేశీ జాతులు కూడా చట్టం నాలుగో షెడ్యూలు కిందికి వచ్చాయి. పెంచుకునేవారు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. పిల్లలు పుట్టినా, చనిపోయినా, చేతులు మారినా తెలపాలి. కాగితాలు లేని జంటతో గుడ్లు పెట్టించడమంటే పుట్టబోయే ప్రతి పిల్లనూ చిక్కులో పడేయడమే.

ఇక పద్ధతులకు వద్దాం. తల్లికే వదిలేస్తే యంత్రం ఖర్చు లేదు. బాల్ పైథాన్ సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది గుడ్లు పెట్టి, వాటిని చుట్ట మధ్య బిగించుకుని దాదాపు రెండు నెలలు అక్కడే ఉంటుంది. గుడ్లు ఎండిపోకుండా చూడడంలో దాన్ని మించిన పరికరం నాకు కనిపించలేదు. చుట్ట బిగించిందంటే లోపలి తేమ బయటికి పోదు, సడలించిందంటే గాలి ఆడుతుంది. మన దేశపు కొండచిలువ తల్లి కండరాలను అదిరించి వేడి కూడా పుట్టిస్తుంది. బాల్ పైథాన్‌కు ఆ విద్య లేదు. డెల్టాలో దాని అవసరమూ లేదు. అసలు లోటు ఏమిటంటే, ఏ తల్లీ గుడ్లను చల్లబరచలేదు. ఆఫ్రికాలో ఈ పాము చెదపుట్టల్లో, ఎలుక బొరియల్లో గుడ్లు పెడుతుంది. మట్టి లోతు ఎండను ఆపుతుంది. మనం ఇచ్చే ప్లైవుడ్ పెట్టెకు ఆ లోతు ఎక్కడిది? పైగా తల్లి ఆ రెండు నెలలూ దాదాపు ఉపవాసమే. ఒళ్లు తగ్గిపోయిన ఆడపాము మరుసటి ఏడాది గుడ్లు పెట్టకపోవచ్చు. తొందర లేనివారికి అది పెద్ద నష్టమేమీ కాదు.

పందెం కోళ్లు పెంచే ఇళ్లలో గుడ్లు పొదిగే యంత్రం ఎలాగూ ఉంటుంది కాబట్టి దాన్నే వాడితే పోదా అనిపించవచ్చు. పోదు. కోడిగుడ్డుకు 37.5 డిగ్రీలు కావాలి, రోజూ తిప్పుతూ ఉండాలి. పాము గుడ్డును పెట్టిన తొలి రోజు దాటాక తిప్పితే పిండం ఊడి మునిగిపోవచ్చు. అందుకే తీసేటప్పుడే పైభాగాన పెన్సిలుతో గుర్తు పెడతారు. కోళ్ల యంత్రాన్ని దాని మామూలు అమరికతో నడిపి పాము గుడ్లు అందులో పెట్టడమంటే వాటిని ఆవిరికుడుములా ఉడికించడమే.

మిగిలింది సొంత పెట్టె. చేపలూ రొయ్యలూ ఎగుమతయ్యే సీమలో థర్మోకోల్ పెట్టెకు కొదవేముంది? నీచు వాసన పోయేలా కడిగి ఆరబెట్టి, అడుగున నీళ్ల సీసాలు పేర్చి, ఒక హీట్ కేబుల్, థర్మోస్టాట్ అమరిస్తే చవకలో పని అయిపోతుంది. నీళ్ల సీసాలు అలంకారానికి కాదు. వేడినీ చల్లదనాన్నీ పట్టి ఉంచి, కరెంటు పోయినప్పుడు లోపలి మార్పును నెమ్మదింపజేసేవి అవే. కానీ హీట్ కేబుల్‌కు వేడి చేయడం ఒక్కటే తెలుసు. గది 36కు చేరిందంటే థర్మోస్టాట్ కేబుల్‌ను ఆపేసి ఊరుకుంటుంది, పెట్టె మెల్లగా 36కు చేరుకుంటుంది. కాబట్టి ఎండాకాలంలో ఈ పెట్టె ఏసీ గదిలోనే పనికొస్తుంది. ఏసీని మామూలు ఇంటి ఇన్వర్టర్ మోయలేదు. పెట్టె మీద తడిగుడ్డ కప్పే చిట్కా రాయలసీమ పొడి గాలిలో నడుస్తుందేమో గానీ, ఉప్పుటేర్ల పక్కన గాలే తేమతో బరువెక్కి ఉంటుంది, గుడ్డ ఆరితే కదా చల్లబడేది!

కంప్రెసర్ లేకుండా, కరెంటుతోనే ఒక వైపు చల్లగా మరో వైపు వేడిగా మారే పెల్టియర్ బిళ్లతో నడిచే చిన్న కూలర్ పెట్టె ఇంకో దారి. వేడి కావాలంటే వేడి, చలువ కావాలంటే చలువ ఇచ్చే రకాన్ని ఎంచుకోవాలి. ధర థర్మోకోల్ పెట్టెకు ఎన్నో రెట్లు. ఫ్యాను దుమ్ము పట్టి మొరాయిస్తుంది. అయినా తక్కువ కరెంటుతో నడుస్తుంది, ఇన్వర్టర్ మోయగలదు. 2022 మే నెలలో అసని తుపాను మచిలీపట్నం, నరసాపురం మధ్య తీరం దాటింది. కరెంటు పోయే అలాంటి రోజులు వచ్చేది గుడ్లు పెట్టెల్లో ఉండే కాలంలోనే. వేసవిలో గుడ్లు తప్పవనుకుంటే నేను డబ్బు పెట్టేది దీనిమీదే.

అసలు వేసవిని తప్పించుకుంటే? ఇది పద్ధతుల పోలికలో ఎవరూ చేర్చరు, నాకు మాత్రం అన్నిటికంటే మేలనిపిస్తుంది. సాధారణంగా చలికాలంలో జత కలిపితే గుడ్లు మార్చి నుంచి జూన్ లోపల వస్తాయి. పొదిగే కాలం 55 నుంచి 60 రోజులు, అంటే సరిగ్గా రోహిణి కార్తె మీదుగా. మగపామును సంక్రాంతి దాటేదాకా వేరుగా ఉంచి ఆలస్యంగా కలిపితే, గుడ్లు తొలకరి తర్వాత రావచ్చు. పాము మన క్యాలెండరు చూడదు కాబట్టి తేదీకి హామీ లేదు. కానీ జులై, ఆగస్టుల్లో డెల్టా గది చాలా రోజులు 28, 32 డిగ్రీల మధ్యే తిరుగుతుంది. అప్పుడు థర్మోకోల్ పెట్టె హాయిగా సరిపోతుంది. తల్లికి వదిలినా భయం తక్కువ. ఆడపాము గుడ్లకు ముందు విడిచే కుబుసం తర్వాత సుమారు 30 రోజులకు గుడ్లు పెడుతుంది. పెట్టె నడిపి చూసుకోవడానికి అంత వ్యవధి చాలు.

గుడ్ల కింద ఏం వేయాలన్నదానికి అంబాజీపేట పరిసరాల్లో కొబ్బరి పొట్టు ఉండగా వేరేవి ఎందుకని కొందరంటారు. కొబ్బరి పొట్టులో ఉప్పు మిగిలి ఉండవచ్చు, బూజు కూడా తొందరగా పడుతుంది. కడియం నర్సరీల వైపు వెళితే కుండీల మట్టిలో కలిపే తేలికైన ఖనిజ గుళికలు వర్మిక్యులైట్, పెర్లైట్ దొరుకుతాయి. నా ఓటు వర్మిక్యులైట్‌కే. తూకంలో దానికి సమానంగా నీళ్లు కలిపి, పిడికిట పిండితే చుక్క రాలనంత తడిగా ఉంచితే చాలు. మూత మీది ఆవిరి చుక్కలు గుడ్లపై పడకుండా చూసుకోవాలి. పెట్టె కాళ్లను నీళ్ల గిన్నెల్లో నిలబెడితే చీమల బెడద తీరుతుంది. చీమల మందు దగ్గరికి రానీయవద్దు. ఒకదానికొకటి అతుక్కున్న గుడ్లను విడదీయడం దేనికి? వాటిలో ఒకటి బూజు పట్టినా, పక్కనున్న మంచి గుడ్డు చాలాసార్లు తట్టుకుంటుంది.

బాల్ పైథాన్‌కు బదులు కార్న్ స్నేక్ అనే అమెరికా జాతి పామును ఎంచుకుంటే ఎలా ఉంటుందని అడిగేవారూ ఉన్నారు. దాని గుడ్లకు 27 నుంచి 29 డిగ్రీలే కావాలి, అంటే మన ఎండలకు అది ఇంకా దూరం. పైగా తల్లి గుడ్లు పెట్టి తన దారిన పోతుంది కాబట్టి తల్లికి వదిలే ప్రశ్నే లేదు. ఒక్కో విడతకు పది నుంచి ఇరవై దాకా గుడ్లు వస్తాయి. అన్ని పిల్లలకు ఒక్కొక్కదానికి వేరే డబ్బా, వేలెడంత ఎలుక పిల్లలు సమకూర్చడం మొదటిసారి చేసేవారికి తలకు మించిన పని. ఆరు గుడ్ల బాల్ పైథాన్‌తో, వానాకాలంలో మొదలుపెట్టండి.