ఎన్8ఎన్‌లో నాకు నచ్చింది: కావాలని ఎర్రర్ వేసే నోడ్

ఎన్8ఎన్ అంటే యాప్‌లను కలిపి పనులు వాటంతటవే జరిగేలా చేసే టూల్. అందులో ఒక్కో అడుగు ఒక నోడ్, ఆ నోడ్‌ల గొలుసే వర్క్‌ఫ్లో. దీని మీద రివ్యూ రాసేవాళ్లంతా ఎన్ని యాప్‌లు కనెక్ట్ అవుతాయి, ఏఐ నోడ్‌లు ఎలా ఉన్నాయి అనేదే రాస్తారు. నేను ఎర్రర్ల సంగతే చెప్తాను. ఆటోమేషన్ ఆగిపోతే పర్లేదు, ఆగిందని తెలుస్తుంది కదా. ఆగకుండా, చేయాల్సిన పని చేయకుండా, పైగా సక్సెస్ అని పచ్చగా చూపిస్తే అదీ అసలు టెన్షన్.

రోజూ ఏపీఐ (ఒక ప్రోగ్రాం ఇంకోదానికి డేటా ఇచ్చే దారి) నుంచి ఆర్డర్లు తెచ్చి షీట్‌లో రాసే వర్క్‌ఫ్లో ఉందనుకోండి. ఒకరోజు అటు నుంచి ఖాళీ జాబితా వచ్చింది. ఇక్కడ ఒక నోడ్ నుంచి ఐటెం (ఒక్కో రికార్డు) ఒక్కటీ బయటికి రాకపోతే తర్వాతి నోడ్‌లు నడవనే నడవవు, రన్ మాత్రం సక్సెస్ కిందే లెక్క. అందుకే ఆ నోడ్ సెట్టింగ్స్‌లో ఆల్వేస్ అవుట్‌పుట్ డేటా ఆన్ చేసి, దాని తర్వాత ఇఫ్ నోడ్‌తో ఖాళీయా కాదా చూసి, ఖాళీ అయితే స్టాప్ అండ్ ఎర్రర్ నోడ్‌కి పంపేయాలి. "ఇవాళ ఆర్డర్లు సున్నా, టోకెన్ చూడండి" అని మెసేజ్ మన మాటల్లోనే రాసుకోవచ్చు (టోకెన్ అంటే ఏపీఐలోకి వెళ్లనిచ్చే తాళంచెవి లాంటిది). ఎర్రర్ ట్రిగ్గర్‌తో మొదలయ్యే ఇంకో వర్క్‌ఫ్లో కట్టి, మొదటిదాని సెట్టింగ్స్‌లో దాన్ని ఎర్రర్ వర్క్‌ఫ్లోగా ఎంచుకుంటే ఆ మెసేజ్, చివరగా నడిచిన నోడ్ పేరు దానికి అందుతాయి, అక్కడి నుంచి చాట్‌కి పంపుకుంటామో మెయిల్‌కి పంపుకుంటామో మన ఇష్టం. అన్ని వర్క్‌ఫ్లోలకీ ఆ ఒక్కటి చాలు. కాకపోతే మాన్యువల్‌గా రన్ చేసి చూస్తే ఇది పలకదు, ఆటోమేటిక్‌గా నడిచిన రన్ ఫెయిలైతేనే కదులుతుంది. కొత్తవాళ్లు ఇక్కడే తల పట్టుకుంటారు.

ప్రతి నోడ్‌కీ ఆన్ ఎర్రర్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. అందులో ఉత్త కంటిన్యూ జోలికి పోకండి, చెడ్డ ఐటెమ్‌లు మంచివాటితో కలిసి ముందుకు వెళ్లిపోతాయి. ఎర్రర్ అవుట్‌పుట్ ఉన్న కంటిన్యూ పెడితే ఫెయిలైనవి వేరే దారిలో వస్తాయి, చాలా శుభ్రంగా ఉంటుంది. ఒక చిక్కేంటంటే, అలా పక్కకి మళ్లించాక రన్ మళ్లీ సక్సెస్సే, ఎర్రర్ వర్క్‌ఫ్లోకి కబురు వెళ్లదు. వెళ్లాలంటే ఆ దారి చివర కూడా స్టాప్ అండ్ ఎర్రర్ తగిలించాలి.

రీట్రై (ఫెయిలైన నోడ్‌ని మళ్లీ నడపడం) విషయంలో మాత్రం మార్కులు తగ్గిస్తాను. గరిష్ఠంగా 5 సార్లు, మధ్యలో 5 సెకన్లు, అంతే. 503 (సర్వర్ కాసేపు అందుబాటులో లేదు) లాంటి చిన్న తడబాటుకి సరిపోతుంది, 429 (రిక్వెస్టులు మరీ ఎక్కువయ్యాయి) ఇచ్చి ఒక నిమిషం ఆగమనే సర్వర్‌కి ఏం సరిపోతుంది? వెయిట్ నోడ్‌తో లూప్ మనమే కట్టుకోవాలి. 401 (లాగిన్ వివరాలు చెల్లలేదు) వస్తే ఎన్నిసార్లు కొట్టినా దండగ. ఇక డబ్బు పంపే, మెయిల్ పంపే నోడ్‌ల మీద రీట్రై ఆన్ చేసే ముందు అవతలి ఏపీఐ ఐడెంపొటెన్సీ కీ (ఒకే రిక్వెస్ట్ రెండోసారి వచ్చినా పని ఒక్కసారే జరిగేలా చూసే గుర్తు) తీసుకుంటుందో లేదో చూసుకోండి, లేకపోతే జవాబు రావడం ఆలస్యమైనందుకే ఒకటికి రెండుసార్లు వెళ్లిపోయే ప్రమాదం ఉంది.