ఇంగ్లండ్ పల్లెసీమకు కాపలా: సీపీఆర్‌ఈ సేవలపై ఒక సభ్యుడి సమీక్ష

షెఫీల్డ్ నగరం నుంచి నైరుతి దిక్కుగా బస్సెక్కితే, కొంతసేపటికి ఇళ్ళ వరుసలు ఉన్నట్టుండి ఆగిపోయి, హెదర్ పొదలు పరుచుకున్న లాంగ్‌షా బీళ్ళు మొదలవుతాయి. నగరం అలా ఒకచోట ఆగిపోవడం దానంతటదే జరగలేదని తెలిశాకే నేను సీపీఆర్‌ఈ (క్యాంపెయిన్ టు ప్రొటెక్ట్ రూరల్ ఇంగ్లండ్)లో సభ్యుడిగా చేరాను. ఇంగ్లండ్ పల్లెసీమను కాపాడటానికి 1926లో నగర ప్రణాళికా నిపుణుడు పాట్రిక్ అబర్‌క్రోంబీ చొరవతో ఏర్పడిన స్వచ్ఛంద సంస్థ ఇది.

షెఫీల్డ్ కథ అంతకు రెండేళ్ళ ముందే మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో భర్తను పోగొట్టుకుని, ఆ దుఃఖంలో ఈ బీళ్ళ వెంట నడుస్తూ ఊరట పొందిన ఎథెల్ అనే యువతి, 1924లో స్థానిక ప్రకృతి రక్షణకు ఒక సంఘం పెట్టారు. తర్వాత అదే సీపీఆర్‌ఈకి స్థానిక శాఖ అయింది. లాంగ్‌షా ఎస్టేట్ అమ్మకానికి వచ్చినప్పుడు ఆమె బృందం చందాలు పోగుచేసి 747 ఎకరాలు కొనిపించి, చారిత్రక కట్టడాలను, ప్రకృతి స్థలాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకు అప్పగించింది. 1951లో బ్రిటన్ మొదటి జాతీయ ఉద్యానంగా పీక్ డిస్ట్రిక్ట్ ఏర్పడటం వెనుకా ఎథెల్ హేథార్న్‌త్వెయిట్ పట్టుదల ఉంది. ఒక సంస్థ విలువను కట్టిన భవనాలతో కాక, కట్టకుండా మిగిలిన నేలతో కొలవాల్సి రావడం అరుదు.

సభ్యుడిగా నాకు అన్నిటికన్నా అక్కరకు వచ్చినది, నిర్మాణ దరఖాస్తులకు ఎలా స్పందించాలో వివరించే వీరి మార్గదర్శిని. ఇక్కడ ఎవరైనా కట్టడానికి అనుమతి కోరితే, సాధారణంగా 21 రోజుల్లోగా చుట్టుపక్కలవారెవరైనా కౌన్సిల్‌కు అభిప్రాయం రాయవచ్చు. మా ఇంటి ధర పడిపోతుందనో, మా కిటికీలోంచి కనిపించే దృశ్యం పోతుందనో రాస్తే లెక్కలోకి తీసుకోరు. రోడ్డు మీద రద్దీ, పక్కింటి ఏకాంతానికి భంగం, వన్యప్రాణులకు నష్టం వంటివి రాస్తే పరిశీలిస్తారు. ఈ తేడా తెలియక, కోపంతో రాసిన ఉత్తరాలు వృథాపోవడం నేను చూశాను.

ఈ సంస్థ మీద ఉన్న గట్టి విమర్శ గ్రీన్ బెల్ట్, అంటే ఊళ్ళ చుట్టూ కొత్త కట్టడాలు రాకుండా కాపాడే నేల, గురించినది. ఊళ్ళ చుట్టూ నేలను బిగించేస్తే ఇళ్ళ ధరలు పెరిగి, సొంత ఇల్లు లేని యువత నష్టపోతుందని విమర్శకులు అంటారు. అద్దె ఇళ్ళలో ఏళ్ళు గడిపినవాడిగా ఆ మాటను తేలిగ్గా తీసుకోలేను. దానికి సీపీఆర్‌ఈ ఇచ్చే జవాబు, మూతపడిన ఫ్యాక్టరీల స్థలాల వంటి పాత నేలలను ముందు వాడమన్నది. 2022 నాటి వీరి నివేదిక అలాంటి చోట్ల పన్నెండు లక్షల ఇళ్ళకు స్థలం ఉందని లెక్కగట్టింది. ఆ నేలలన్నీ ఉద్యోగాలున్న చోటే ఉండవు కాబట్టి ఆ జవాబు సంపూర్ణం కాదని నా అభిప్రాయం. అయినా ఒకసారి కాంక్రీటు పోసిన పొలం మళ్ళీ పొలం కాదు గనుక, ఆ క్రమంలోనే ఆలోచించడం న్యాయం.

పొలాల మధ్య పొదలతో పెంచే జీవకంచెలను 2050 నాటికి 40 శాతం పెంచాలన్న ఉద్యమమూ వీరు నడుపుతున్నారు. కొత్తవారు మాత్రం వీరి నక్షత్రాల లెక్కింపుతో మొదలుపెట్టడం మంచిది. చలికాలపు చీకటి రాత్రి ఓరియన్ నక్షత్రమండలంలోని నాలుగు మూలల చుక్కల మధ్య ఎన్ని కనిపిస్తున్నాయో లెక్కపెట్టి పంపాలి. మన రైతులు కార్తెలు లెక్కించే మృగశిర, ఆరుద్ర ఉన్న మండలం అదే. ముప్పైకి పైగా కనిపిస్తే నిజంగా చీకటి ఆకాశమని, పదికి మించకపోతే కాంతి కాలుష్యం తీవ్రంగా ఉందని అర్థం. మా పెరట్లో నిలబడి, కళ్ళు చీకటికి అలవాటుపడేదాకా ఆగి, మా అమ్మాయి రెండుసార్లు లెక్కపెట్టింది. రెండుసార్లూ తొమ్మిదే వచ్చాయి.