పాత బండి ట్యాంకులో తుప్పు: నిమ్మ ఉప్పా, కరెంటా, యాసిడా, లైనింగా... ఏది మేలు?

పాత బుల్లెట్టో, యెజ్డీనో, ఆర్‌ఎక్స్ 100నో స్టార్టయి వీధి చివరిదాకా వెళ్ళి ఆగిపోతుంది. కార్బురేటర్ విప్పి జెట్ (పెట్రోల్ వెళ్ళే సన్న రంధ్రమున్న ఇత్తడి ముక్క) ఊది బిగిస్తే మళ్ళీ నడుస్తుంది. నాలుగు రోజులకు మళ్ళీ అదే తంతు. కార్బురేటర్ కింద పెట్రోల్ నిలిచే ఫ్లోట్ గిన్నె అడుగున ఎర్రటి పొడి కనిపిస్తే ఇక కార్బురేటర్‌ను ఎన్నిసార్లు కడిగినా లాభం లేదు, ఆ పొడి ట్యాంకులోంచి వస్తోంది. పైలట్ జెట్ రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. కాక్ (ట్యాంకు కింది పెట్రోల్ కుళాయి) జల్లెడలోంచి జారిపోయే సన్నటి తుప్పు దాన్ని మూసేయడానికి చాలు. అదే పొడి, గిన్నె నిండగానే పెట్రోల్‌ను ఆపే ఫ్లోట్ నీడిల్ కింద చేరితే పెట్రోల్ ఆగకుండా కారుతుంది.

సగం ఖాళీగా నిలబెట్టిన ట్యాంకులో రాత్రి చల్లబడ్డ గాలిలోని తేమ గోడలకు పట్టి కిందికి దిగుతుంది. నీరు పెట్రోల్ కంటే బరువు కాబట్టి అడుగునే ఉండిపోతుంది. చాలా బళ్ళలో ట్యాంకు ఫ్రేమ్ మీద జీనులా కూర్చుంటుంది, అంటే అడుగున రెండు గుంటలు. కాక్ ఒక్క వైపే ఉంటే రెండో గుంటలోని నీరు ఏళ్ళ తరబడి కదలదు. తుప్పు ముందు పట్టేది అక్కడే. 2023 నుంచి బంకుల్లోకి వచ్చిన ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్‌తో ఈ బాధ పెరిగింది. అందులోని ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నీరు మోతాదు మించితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుగుకు చేరతాయి.

ముందు ట్యాంకు స్థితి చూడండి

పెట్రోల్ తీసేసి, కాక్, మూత, ఫ్లోట్ సెన్సర్ ఉంటే అదీ విప్పేయండి. డిటర్జెంట్ కలిపిన వేడినీళ్ళతో మూడుసార్లు కడగండి. లోపల పెట్రోల్ వాసన పూర్తిగా పోయేదాకా తర్వాతి పని మొదలుపెట్టొద్దు. ఆవిరి మిగిలితే చిన్న నిప్పురవ్వకే ట్యాంకు పేలుతుంది.

ఆరాక టార్చి వేసి చూస్తే మూడింటిలో ఒకటి కనిపిస్తుంది: నారింజ రంగు పలుచటి పూత, గోకితే పెచ్చులుగా ఊడే దట్టమైన తుప్పు, లేదా చిల్లులు. చిల్లుల కోసం ట్యాంకును నీళ్ళతో నింపి, పాత న్యూస్ పేపర్ మీద ఒక రాత్రి ఉంచండి. అడుగు అతుకు వెంబడి, వెనక మూలల్లో మేకు మొనతో మెల్లగా నొక్కి చూడండి. మెత్తగా లోపలికి దిగిందంటే అక్కడ రేకు అయిపోయినట్టే. ఏ పద్ధతి పట్టాలో ఈ పరీక్షే చెబుతుంది. దీన్ని వదిలేసి నేరుగా లైనింగ్ కిట్ (ట్యాంకు లోపల పోసే ఎపాక్సీ పూత) కొనేవాళ్ళే ఎక్కువగా నష్టపోతారు.

నిమ్మ ఉప్పు

ఇంటి గ్యారేజీలో పది ట్యాంకుల్లో ఎనిమిదింటికి ఇదే సరిపోతుందని మా అభిప్రాయం. కిరాణా కొట్టులో దొరికే సిట్రిక్ యాసిడ్ పలుకులే ఇవి. లీటరు నీళ్ళకు 80 నుంచి 100 గ్రాములు, అంటే పది లీటర్ల ట్యాంకుకు 800 గ్రాముల నుంచి కిలో దాకా. 50-60 డిగ్రీల వేడినీళ్ళలో కరిగించి గొంతు దాకా నింపండి. కాక్ రంధ్రానికి రేకు ముక్క, దాని కింద పాత సైకిల్ ట్యూబ్ ముక్క పెట్టి బోల్టులు బిగిస్తే కారదు. కాక్‌ను దాని స్థానంలో ఉంచి మాత్రం పోయొద్దు. కాక్, మూత జింకు, అల్యూమినియం మిశ్రమ లోహాలతో పోతపోసినవి, యాసిడ్ వాటిని తినేస్తుంది. మూతను వదులుగా పెట్టండి, బుడగలుగా వచ్చే హైడ్రోజన్ బయటికి పోవాలి.

వేడి తగ్గితే పని మందగిస్తుంది. మే నెల ఎండలో ట్యాంకును డాబా మీద పెడితే ఆ వేడే సాయం చేస్తుంది. పలుచటి తుప్పు 8 గంటల్లో, ఓ మోస్తరుది 24 గంటల్లో పోతుంది. అంతకు మించి రెండు మూడు రోజులు వదిలేస్తే, తుప్పు అయిపోయాక యాసిడ్ మంచి రేకు మీద పడుతుంది. ఆరు గంటలకోసారి పారబోయకుండానే టార్చితో చూడండి, బూడిద రంగు రేకు కనబడగానే ఆపేయండి.

వెనిగర్ కూడా ఇదే పని చేస్తుంది కానీ అందులో ఆమ్లం 5 శాతం దాకానే ఉంటుంది. పది లీటర్ల ట్యాంకు నింపాలంటే పది లీటర్లు కొనాలి, రెండు మూడు రోజులు ఆగాలి. నిమ్మ ఉప్పు దొరికే ఊళ్ళో దాని అవసరం లేదు.

కరెంటు పద్ధతి

పెచ్చులు కట్టిన ట్యాంకుకు ఇది మేలు, మంచి రేకును ముట్టుకోదు కాబట్టి. లీటరుకు 5 గ్రాముల చాకలి సోడా కలిపిన నీటితో ట్యాంకు నింపండి. మూత రంధ్రంలోంచి మామూలు ఇనుప ఊచ దింపి, చెక్క బిరడాతోనో రబ్బరుతోనో అది ట్యాంకును ఎక్కడా తగలకుండా నిలబెట్టండి. 12 వోల్టుల బ్యాటరీ ఛార్జర్ నెగటివ్ తీగ ట్యాంకుకు, పాజిటివ్ ఊచకు. ఇది తారుమారైతే కరిగేది ఊచ కాదు, ట్యాంకు. 2 నుంచి 5 ఆంపియర్లు చాలు. కొత్త ఆటోమేటిక్ ఛార్జర్లు బ్యాటరీ కనబడకపోతే కరెంటు ఇవ్వవు, పాత ట్రాన్స్‌ఫార్మర్ రకం వాడాలి.

రెండు తప్పులు ప్రాణం మీదికి తెస్తాయి. సోడా బదులు ఉప్పు వేస్తే క్లోరిన్ వస్తుంది. ఇనుప ఊచ బదులు స్టెయిన్‌లెస్ స్టీల్ పెడితే విషపూరిత క్రోమియం నీళ్ళలోకి దిగుతుంది. హైడ్రోజన్ ఎలాగూ వస్తుంది కాబట్టి ఆరుబయట చేయండి, ఛార్జర్ స్విచ్ కట్టేశాకే క్లిప్పులు తీయండి.

దీని బలహీనత ఒకటుంది: ఊచకు ఎదురుగా ఉన్న గోడే బాగా శుభ్రపడుతుంది. ఫ్రేమ్ మీద కూర్చునే మధ్య సొరంగానికి అవతలి వైపు మరుగున పడిపోతుంది. ఐదారు గంటలకోసారి ఊచ తీసి, దానికి పట్టిన మడ్డి గీకి, ఒంచి మరో వైపుకు తిప్పాలి. ఒకటిన్నర రోజు దీని మీద కన్నేసి ఉంచగలిగిన వాళ్ళకే ఇది పనికొస్తుంది. పూర్తయ్యాక మిగిలే నల్లటి మడ్డిని, రెండు గుప్పెళ్ళ ఎం8 నట్లు వేసి ఊపి వదిలించండి. ముందు నట్లు లెక్కపెట్టుకోండి, తీశాక మళ్ళీ లెక్కపెట్టండి. గొలుసు వేయొద్దు, లోపలి పైపులకు చిక్కుకుంటే బయటికి రాదు.

బాత్రూమ్ యాసిడ్

పావుగంటలో తుప్పు పోతుంది, అందుకే రోడ్డు పక్క షెడ్లలో దీన్నే పోస్తారు. వద్దు. హైడ్రోక్లోరిక్ యాసిడ్ తుప్పుతో పాటే పలుచబడ్డ రేకునూ తినేసి కొత్త చిల్లులు పెడుతుంది. అతుకుల సందుల్లో మిగిలిన క్లోరైడ్ నెలల తర్వాత కూడా తుప్పు పట్టిస్తుంది. పాత జావాల ట్యాంకు పక్కన ఉండే క్రోమ్ మీద చుక్క పడితే ఆ మెరుపు పోతుంది. తొందరే ఉంటే పెయింట్ షాపులో దొరికే ఫాస్ఫారిక్ యాసిడ్ రస్ట్ రిమూవర్ నయం. అది రేకు మీద ఫాస్ఫేటు పొర వదిలి, మళ్ళీ తుప్పు పట్టడాన్ని కొంత నిదానిస్తుంది. డబ్బా మీద రాసిన పాళ్ళలోనే కలపండి.

ఎపాక్సీ లైనింగ్

దీన్ని తుప్పుకు మందుగా చూడొద్దు. సూది మొనంత చిల్లులు రెండు మూడు ఉన్నప్పుడు వాడే చివరి ఉపాయం ఇది. తుప్పు మీదే పోస్తే ఏడాదో రెండేళ్ళో ఆగి పొరలుగా లేచి కాక్‌లో ఇరుక్కుంటుంది. దాన్ని మళ్ళీ వదిలించడం తుప్పు వదిలించడం కంటే పదింతల కష్టం. ఇథనాల్‌ను తట్టుకుంటుందని డబ్బా మీద స్పష్టంగా లేకపోతే కొనొద్దు, తట్టుకోని రకాలు ఇ20లో జిగురుగా మారతాయి. పోసేముందు కాక్ మరల్లో గ్రీజు పూసిన బోల్టు బిగించండి. మిగులు ద్రవాన్ని పూర్తిగా వంచేయండి, గుంటలో నిలిచిన మందపాటి ముద్ద సరిగా గట్టిపడదు. చిల్లు బఠాణీ గింజంత ఉంటే లైనింగ్ ఆపదు. రేడియేటర్లు బాగుచేసేవాళ్ళ దగ్గర ఇత్తడి అతుకు వేయించాలి. కడగని ట్యాంకును వాళ్ళ చేతికి ఇవ్వడం పాపం.

ఏ పద్ధతైనా చివరి గంటే కీలకం

యాసిడ్ వంచేశాక తడి రేకు నిమిషాల్లో మళ్ళీ నారింజ రంగుకు తిరుగుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరంలో వానాకాలమైతే ఇంకా వేగం. అందుకే అన్నీ ముందే సిద్ధం చేసుకోండి. పది లీటర్ల నీళ్ళలో 100 గ్రాముల వంట సోడా కలిపి తొలపండి, వెంటనే రెండు విడతల మంచినీళ్ళు, ఆపై హెయిర్ డ్రయ్యర్‌తో 20-30 నిమిషాలు వేడిగాలి. రేకు వేడిగా ఉన్నప్పుడే 200 మి.లీ. టూ-టి (టూ-స్ట్రోక్ ఇంజిన్) ఆయిల్ పోసి అన్ని వైపులా తిప్పి, మిగిలింది వంచేయండి. లైనింగ్ వేసేదుంటే మాత్రం ఆయిల్ వద్దు, ఎపాక్సీ పట్టుకోదు.

కాక్‌లో కొత్త రబ్బరు, కొత్త జల్లెడ వేసి ట్యాంకు అంచు దాకా నింపండి. మొదటి రెండు ట్యాంకుల పెట్రోల్ అయ్యేదాకా పైపులో జల్లెడ రకం ఫిల్టర్ ఉంచండి. కాగితం ఫిల్టర్ అయితే పంపు లేని ఈ బళ్ళలో పెట్రోల్ ప్రవాహం తగ్గి, హైవే మీద ఇంజిన్ నీరసిస్తుంది.