కంప్యూటర్ బూట్ కానప్పుడు: వెంటాయ్ పెన్‌డ్రైవ్ కొన్నేళ్లు వాడాక

ఒంగోలులో చిన్న సర్వీస్ షాపు నాది. షాపుకొచ్చే వాటిల్లో సగానికి పైగా "లైటు వెలుగుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది, విండోస్ మాత్రం రావట్లేదు" అనే రకమే. వీటన్నింటికీ కొన్నేళ్లుగా ఒకే 64 జీబీ పెన్‌డ్రైవ్ వాడుతున్నాను. దాంట్లో వెంటాయ్ (ఒకే పెన్‌డ్రైవ్ నుంచి చాలా సాఫ్ట్‌వేర్లను బూట్ చేయనిచ్చేది) వేసి, హైరెన్స్ బూట్‌సీడీ పీఈ (పెన్‌డ్రైవ్ నుంచే నడిచే చిన్న విండోస్, రిపేర్ టూల్స్‌తో), సిస్టమ్‌రెస్క్యూ (అలాంటిదే, లైనక్స్‌ది), మెమ్‌టెస్ట్86 ప్లస్ (ర్యామ్ పరీక్షించేది), విండోస్ 10, 11 ఇన్‌స్టాలర్లు పెట్టుకున్నాను. పెన్‌డ్రైవ్ ఖరీదు తప్ప దేనికీ డబ్బు కట్టలేదు.

వెంటాయ్ 2020లో వచ్చింది. అంతకుముందు రూఫస్ అనే టూల్‌తో ఒక్కో ఐఎస్ఓకి (ఇన్‌స్టాలర్ మొత్తం ఒకే ఫైల్‌గా ఉండేది) ఒక్కో పెన్‌డ్రైవ్ తయారు చేసుకోవాల్సి వచ్చేది, లేదంటే ఉన్నదాన్నే చెరిపి మళ్లీ రాయాలి. ఇప్పుడు ఒక్కసారి వెంటాయ్ వేస్తే చాలు, ఐఎస్ఓ ఫైల్‌ను మామూలుగా కాపీ చేసి పడేస్తే బూట్ అయ్యేటప్పుడు మెనూలో అదే కనబడుతుంది. మిగిలిన జాగాలో డ్రైవర్లు కూడా పెట్టుకోవచ్చు. నాకు నచ్చనిది సెక్యూర్ బూట్ సంగతి, అంటే నమ్మకమైన సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే రక్షణ. అది ఆన్‌లో ఉన్న మెషిన్‌లో మొదటిసారి నీలం తెర వచ్చి కీ ఎన్‌రోల్ చేయమంటుంది. కస్టమర్ మెషిన్‌లో ఆ వెంటాయ్ కీ శాశ్వతంగా ఉండిపోవడం నాకిష్టం లేదు, అందుకే బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే మెషిన్ సెట్టింగ్స్‌లోకి) వెళ్లి సెక్యూర్ బూట్ ఆపి, పనయ్యాక మళ్లీ ఆన్ చేస్తాను.

హైరెన్స్ అంటే చాలామందికి 2012 నాటి 15.2 గుర్తుంటుంది, అదే మినీ ఎక్స్‌పీ (సీడీ నుంచే నడిచే చిన్న విండోస్ ఎక్స్‌పీ) ఉన్నది. పాత బయోస్ మెషిన్లకు అది చక్కగా పనిచేసేది గానీ యూఈఎఫ్ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చిన కొత్త పద్ధతి) మాత్రమే ఉన్న ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో బూటే కాదు. తర్వాత దాని అభిమానులు తయారుచేసిన పీఈ వెర్షన్ అచ్చం విండోస్ డెస్క్‌టాప్ లాగే ఉంటుంది, కొత్తగా నేర్చుకునేవాళ్లకు కూడా భయం ఉండదు. 2 జీబీ ర్యామ్ ఉన్న పాత వాటిల్లో మాత్రం విపరీతమైన నిదానం.

ఇక అసలు విషయం. బూట్ డిస్క్ అనగానే అందరూ రిపేర్ అనుకుంటారు. నేను ముందు దాన్ని డేటా బయటికి తీయడానికే వాడతాను, రిపేర్ ఆ తర్వాతే. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ రోజుల్లో కరెంటు వస్తూ పోతూ ఉండడంతో తర్వాత షాపు నిండా సీపీయూలే. చీమకుర్తి నుంచి గ్రానైట్ ఫ్యాక్టరీ అకౌంటెంట్ ఒకతను సీపీయూ చంకన పెట్టుకుని వచ్చి, "అన్నా, లోడింగ్ లెక్కలన్నీ ఇందులోనే ఉండాయి, అవి పోతే మా ఓనరు నన్ను ఉండనీడు" అన్నాడు. ఆ మనిషికి విండోస్ బతికిందా చచ్చిందా అన్నది కాదు టెన్షన్, ట్యాలీ (అకౌంట్స్ సాఫ్ట్‌వేర్) ఫోల్డర్ దక్కుతుందా లేదా అన్నదే.

అక్కడి నుంచి వచ్చే వాటిని విప్పితే లోపలంతా గ్రానైట్ పొడి, కాబట్టి ముందు దుమ్ము ఊది, ర్యామ్ తీసి కాళ్లను రబ్బరుతో రుద్ది పెడతాను, ఒక్కోసారి జబ్బు అక్కడే నయమైపోతుంది. దీనికి కాలేదు. హైరెన్స్‌తో బూట్ చేసి డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరిస్తే పసుపు రంగులో కాషన్ (హెచ్చరిక), పెండింగ్ సెక్టార్లు (చదవడానికి మొరాయిస్తున్న భాగాలు) ఉన్నాయి. ఇలాంటి డిస్క్ మీద చెక్‌డిస్క్ (డిస్క్ తప్పులు సరిచేసే విండోస్ కమాండ్) నడపకండి, దయచేసి నడపకండి. ఆర్ స్విచ్‌తో నడిపితే అది డిస్క్ మొత్తాన్ని చదువుతుంది, పైగా పాడైన చోట ఫైల్ సిస్టమ్‌ను తనకు తోచినట్టు సరిచేస్తుంది, కొన ఊపిరితో ఉన్న డిస్క్ ఆ దెబ్బకే పోతుంది. సిస్టమ్‌రెస్క్యూలో డీడీరెస్క్యూ ఉంటుంది, బాగున్న భాగాలన్నీ ముందు వేరే డిస్క్‌లోకి లాగేసి, కష్టమైనవి చివర్లో ప్రయత్నిస్తుంది. మ్యాప్ ఫైల్ (ఎంతవరకు కాపీ అయిందో రాసుకునే ఫైల్) ఇస్తే మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటి నుంచే మొదలుపెడుతుంది, మన ఊళ్లకు ఇది చాలా పెద్ద విషయం. రాత్రంతా నడిచింది, లెక్కలు దక్కాయి.

డిస్క్ బాగుండి బూట్ ఫైళ్లు మాత్రమే చెడితే పని తేలిక. ఆటోమేటిక్ స్టార్టప్ రిపేర్ నా దగ్గర పనిచేసిన సందర్భాలు తక్కువ. వీడియోల్లో అందరూ చెప్పే బూట్‌రెక్ ఫిక్స్‌బూట్ కమాండ్ కొడితే యాక్సెస్ డినైడ్ అని వస్తుంటుంది. దాంతో కుస్తీ పట్టకుండా డిస్క్‌పార్ట్‌లో (పార్టిషన్లు చూసే విండోస్ టూల్) ఈఎఫ్ఐ పార్టిషన్‌కు (బూట్ ఫైళ్లు ఉండే చిన్న భాగం) ఒక డ్రైవ్ లెటర్ ఇచ్చి, బీసీడీబూట్ కమాండ్‌కు విండోస్ ఫోల్డర్‌నూ ఆ లెటర్‌నూ చూపించండి, బూట్ ఫైళ్లు కొత్తగా రాసేస్తుంది. ఒక్క జాగ్రత్త, పీఈలో ఉన్నప్పుడు మన సీ డ్రైవ్ డీగానో ఈగానో మారి ఉండొచ్చు, డిఐఆర్ (ఫోల్డర్లు చూపించే కమాండ్) కొట్టి చూసుకున్నాకే కమాండ్ ఇవ్వాలి.

ఇంటెల్ 11వ తరం నుంచి వచ్చిన ల్యాప్‌టాప్‌లలో ఇంకో చిక్కు. డిస్క్ బాగున్నా ఇన్‌స్టాలర్‌లో అసలు కనబడదు, వీఎండీ (డిస్క్‌ను ఇంటెల్ సొంత కంట్రోలర్ ద్వారా నడిపే సెట్టింగ్) ఆన్‌లో ఉండడమే కారణం. ఎస్ఎస్‌డీ పోయిందని చెప్పి కొత్తది అమ్మేసేవాళ్లను చూశాను, బాధేసింది. ఇన్‌స్టాలర్‌లో ఇంటెల్ ఆర్ఎస్‌టీ అనే స్టోరేజ్ డ్రైవర్ లోడ్ చేస్తే డిస్క్ కనబడుతుంది, దాన్ని పెన్‌డ్రైవ్‌లోనే ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి.

ఈ పెన్‌డ్రైవ్ చేతులెత్తేసేది బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకు తాళం వేసే విండోస్ ఏర్పాటు) దగ్గర. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మొదలుపెట్టిన కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డిస్క్ దానంతటదే లాక్ అయి ఉంటుంది. 48 అంకెల రికవరీ కీ లేకపోతే హైరెన్స్ అయినా, సిస్టమ్‌రెస్క్యూ అయినా ఒక్క ఫొటో కూడా తీయలేవు. సెక్యూర్ బూట్ మార్చినా ఆ కీ అడగొచ్చు, కాబట్టి బయోస్ ముట్టుకునే ముందే కీ ఉందో లేదో అడుగుతాను. కందుకూరు నుంచి ఒక ఇంజనీరింగ్ అమ్మాయి ప్రాజెక్టు మొత్తం ఉన్న ల్యాప్‌టాప్ తెచ్చింది. కొన్న షాపులో ఎవరో ఏదో మెయిల్ ఐడీతో సెటప్ చేసిచ్చారట, ఆ ఐడీ ఏంటో ఇప్పుడు ఎవరికీ తెలియదు. డిస్క్ చెరిపి విండోస్ కొత్తగా వేయడం తప్ప దారి లేకపోయింది. మీ ల్యాప్‌టాప్ నడుస్తుండగానే మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలోకి వెళ్లి ఆ కీ ప్రింట్ తీసుకుని బిల్లుతో పాటు పెట్టుకోండి.